ఆ రెండో గీత ఇంజెక్షన్‌ది

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పెళ్లయి రెండున్నరేళ్లయింది. పుట్టిల్లు రాజమండ్రి, ఉండేది హైదరాబాద్‌లో. ఏడాదిన్నరగా పిల్లల కోసం చూస్తున్నాం. డాక్టర్‌గారు మాత్రలు ఇచ్చి ఫాలిక్యులర్ స్కాన్లు చేశారు. కిందటి నెల 3వ తేదీ సాయంత్రం హెచ్‌సీజీ 10,000 యూనిట్ల ఇంజెక్షన్ చేశారు. 5 నుంచి ప్రొజెస్టిరాన్ మాత్రలు వేసుకోమన్నారు. ఆగలేక 11వ తేదీ పొద్దున్నే ఇంట్లో కార్డు మీద చూసుకుంటే రెండు గీతలు వచ్చాయి. మావారు అప్పటికప్పుడే వాళ్లమ్మగారికి ఫోన్ చేసి చెప్పేశారు. 13న మళ్లీ చూస్తే రెండో గీత పలచబడింది. 16న అసలు లేదు. ఏడుపొచ్చి మాత్రలు మానేశాను. 18న పీరియడ్ వచ్చింది, ఎప్పటిలాగే నాలుగు రోజులు అయింది. ‘స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లొద్దంటే విన్నావా, నిలిచినదాన్ని పోగొట్టుకున్నావు’ అని అత్తయ్య అంటున్నారు. 15న ఆఫీసులో ఎవరో పెడితే రెండు బొప్పాయి ముక్కలు తిన్నాను, అది ఇంకా ఎవరికీ చెప్పలేదు. నాకు గర్భం పోయినట్టేనా? నా వల్లే పోయిందా? మాత్రలు మానేయడం వల్లా? ఈసారి టెస్ట్ ఎప్పుడు చేసుకోవాలి? ఖరీదైన కిట్ కొంటే ముందుగా, కచ్చితంగా తెలుస్తుందా? (పేరు వద్దు)

సమాధానం: అమ్మా, తేదీలన్నీ వివరంగా రాశారు, చాలా మంచి పని చేశారు. మీ ప్రశ్నకు జవాబు ఆ తేదీల్లోనే ఉంది. మీకు గర్భం పోలేదు. 11వ తేదీన మీరు చూసిన రెండో గీత 3వ తేదీన చేసిన ఇంజెక్షన్ వల్ల వచ్చింది. ఊరడించడానికి అంటున్న మాట కాదిది, లెక్క వేసి చెబుతున్నాను. మీరూ క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చూడండి.

ఇంట్లో పెట్టుకునే ప్రెగ్నెన్సీ కార్డు పసిగట్టేది ఒకే ఒక్క హార్మోన్ని, దాని పేరు హెచ్‌సీజీ. పిండం గర్భసంచి గోడకు అతుక్కోవడం మొదలుపెట్టాక, తర్వాత మాయగా మారే కణాలు దాన్ని తయారు చేస్తాయి. అది తల్లి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వస్తుంది. ఇప్పుడు మీకు చేసిన ఇంజెక్షన్ పేరు మరోసారి చదవండి. హెచ్‌సీజీయే! స్కాన్‌లో కనిపించిన ఫాలికల్ (అండాశయంలో అండం పెరిగే చిన్న సంచి) పగిలి అండం బయటికి రావడానికి ఆ హార్మోన్నే పెద్ద మోతాదులో ఇస్తారు. లోపల తయారైనదా, సూదితో వచ్చినదా అన్నది కార్డుకు తెలియదు. మూత్రంలో ఆ హార్మోన్ తగినంత కనబడితే గీత గీస్తుంది.

ఇంజెక్షన్ చేశాక సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. 3వ తేదీ సాయంత్రం నుంచి లెక్కేస్తే అది 5వ తేదీ పొద్దునకు వస్తుంది. అండం వీర్యకణంతో కలిసినా వెంటనే గర్భసంచిలోకి రాదు. ట్యూబులోనే విభజన చెందుతూ మెల్లగా వచ్చి, మూడు నుంచి ఐదు రోజుల్లో గర్భసంచి చేరుతుంది. గోడకు అతుక్కోవడం అండం విడుదలైన ఆరో రోజు నుంచి పన్నెండో రోజు లోపల జరుగుతుంది. ఎక్కువమందిలో ఎనిమిది, తొమ్మిది, పది రోజుల్లో. మీరు కార్డు పెట్టిన 11వ తేదీ పొద్దునకు అండం విడుదలై ఆరు రోజులే అయింది. గర్భం వచ్చి ఉంటే అప్పటికి పిండం గోడ దాకా చేరి ఉంటుందేమో గాని, మూత్రంలో కార్డుకు అందేంత హార్మోన్ తయారయ్యే అవకాశమే లేదు. కాబట్టి ఆ రోజు గీత పిండానిది అయ్యే వీల్లేదు.

10,000 యూనిట్ల ఇంజెక్షన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పట్టొచ్చు. మీ కార్డులు దాన్నే చూపించాయి. ఎనిమిదో రోజున గీత ఉంది, పదో రోజుకు పలచబడింది, పదమూడో రోజుకు పోయింది. గర్భం నిలిస్తే గీత రోజులు గడిచేకొద్దీ ముదరాలి. మీకు సరిగ్గా దానికి ఎదురుగా జరిగింది, మందు దిగిపోయేటప్పుడు అలాగే జరుగుతుంది.

మీ ఉత్తరంలో హెచ్‌సీజీ అని ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. ఇదే పనికి కొందరు డాక్టర్లు వేరే రకం ఇంజెక్షన్ కూడా వాడతారు, అందులో హెచ్‌సీజీ ఉండదు, అది కార్డును మోసం చేయదు. ఫాలిక్యులర్ స్కాన్లు చేయించుకుంటున్న ప్రతి అమ్మాయీ తనకు చేసిన ఇంజెక్షన్ పేరు, యూనిట్లు, చేసిన తేదీ, టైమ్ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఓపీలో రద్దీగా ఉంటుంది, నర్సు ఇంజెక్షన్ చేసి ‘ఈ రెండ్రోజులు కలవండి’ అని చెప్పి తర్వాతి వాళ్లను పిలుస్తుంది. ‘దీనివల్ల టెస్టులో గీత వస్తుంది, రెండు వారాలు కార్డు ముట్టుకోవద్దు’ అన్న ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే మీ ఇంట్లో ఇంత జరిగేది కాదు. ఆ మాట చెప్పాల్సిన బాధ్యత చికిత్స చేసేవాళ్లది. మీది కాదు.

స్కూటీ సంగతికి వస్తాను. నిలవని గర్భాన్ని స్కూటీ పోగొట్టలేదు. నిజంగా గర్భం ఉన్నవాళ్లలో కూడా ఆఫీసుకు బండి మీద వెళ్లడం వల్ల, మెట్లెక్కడం వల్ల, వంగి బట్టలు తీయడం వల్ల తొలి వారాల్లో గర్భం పోదు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం, అంతకంటే ఎక్కువే, పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. అండం, వీర్యకణం కలిసిన గడియలోనే అది నిర్ణయమైపోతుంది. తల్లి ఏం తిన్నది, ఏం మోసింది అన్నవాటితో దానికి సంబంధం లేదు. బొప్పాయి విషయం ఎవరికీ చెప్పలేదని రాశారు. అది చదివి చాలా బాధేసింది. రెండు పండిన ముక్కలు తిని, ఇన్ని రోజులుగా తప్పు చేసిన దానిలా లోపల దాచుకుని తిరుగుతున్నారు. పండిన బొప్పాయి రెండు ముక్కలు తింటే ఏ గర్భమూ పోదు. పచ్చి బొప్పాయిలో పాలు ఉంటాయి కాబట్టి గర్భిణులు దాన్ని మానుకోమంటాం, అంతే. ఈ మాట ఇవాళే మీవారికి చెప్పేయండి, మనసు తేలికపడుతుంది.

మాత్రలు మానేయడం వల్ల కూడా ఏమీ పోలేదు. అండం విడుదలయ్యాక మిగిలిన ఫాలికల్ తనంతట తనే ప్రొజెస్టిరాన్ తయారు చేస్తుంది. గర్భం నిలిస్తే పిండం నుంచి వచ్చే హెచ్‌సీజీ దాన్ని ఆగిపోకుండా చూస్తుంది. డాక్టర్‌గారు ఇచ్చిన మాత్రలు దానికి తోడు మాత్రమే. అయితే ఈసారికి ఒక జాగ్రత్త. 16వ తేదీన గీత లేదని మీరే మానేశారు కదా, అలా చేయకండి. ఆ రోజుకు అండం విడుదలై పదకొండు రోజులే. ఆ రోజున గర్భం ఉన్నా కార్డులో పడకపోవడం మామూలే. ఇంట్లో చూసుకున్న టెస్ట్‌ని బట్టి మాత్రలు మానడం, మొదలుపెట్టడం వద్దు. ఫోన్ చేసి అడిగి అప్పుడు మానండి. ఇంకో సంగతి, ప్రొజెస్టిరాన్ మాత్రలు గీతను తెప్పించవు గాని పీరియడ్‌ను వెనక్కి నెడతాయి. మాత్రలు వేసుకుంటున్నప్పుడు ‘డేట్ దాటింది, నెల తప్పిందేమో’ అనుకోవడానికి లేదు. మాత్రలు ఆపిన కొద్ది రోజులకు డేట్ వస్తుంది. కాబట్టి ఆ నెలల్లో పీరియడ్ రాకపోవడాన్ని నమ్మకండి, ఇంజెక్షన్ నుంచి రోజులు లెక్కపెట్టుకోవడమే దారి.

ఎప్పుడు చూసుకోవాలన్న ప్రశ్నకు మీ వరకు జవాబు ఇది: ఇంజెక్షన్ చేసిన రోజును వదిలేసి, 16వ రోజు పొద్దున్న. 3న ఇంజెక్షన్ అయితే 19న. అప్పటికి ఇంజెక్షన్ మందు పోయి ఉంటుంది, గర్భం ఉంటే దాని హార్మోన్ కార్డుకు అందేంత పెరిగి ఉంటుంది. 12వ రోజునో 13వ రోజునో చూస్తే రెండు రకాలుగానూ మోసపోతారు. గీత వస్తే మందుదో కాదో తెలియదు, రాకపోతే గర్భం లేదని చెప్పడానికీ లేదు.

కొందరు ఇంజెక్షన్ చేసిన మర్నాటి నుంచి రోజూ ఒక కార్డు పెట్టి, గీత పూర్తిగా పోయేదాకా చూసి, మళ్లీ వస్తే అది అసలైనదని లెక్కేస్తారు. లెక్క ప్రకారం అది తప్పు కాదు. కానీ నేను ఎవరికీ చెప్పను. రోజూ పొద్దున్న లేవగానే ఆ గీత కోసం లైటు కింద కళ్లు చికిలించి చూసుకుంటూ, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి, రంగులు మార్చి, జూమ్ చేసి, ‘అక్కా ఉందా లేదా చూడు’ అని అడుగుతూ పదిహేను రోజులు బతకడం ఎవరికీ మంచిది కాదు. మా ఓపీకి ఎండిపోయిన కార్డును టిష్యూలో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, బ్యాగు లోపలి జిప్పులో దాచుకుని తెచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లు దాన్ని టేబుల్ మీద పెట్టి విప్పేటప్పుడు చేతులు వణుకుతుంటాయి. రెండు రోజుల కిందటి కార్డులో ఏదో బూడిద రంగు చార కనిపిస్తుంటుంది. అది గర్భం కాదు. కార్డు ఎండిపోయాక టెస్ట్ గీత ఉండాల్సిన చోట రంగులేని చార మిగులుతుంది. స్టీలు కంచం మీద నీటిచుక్క ఆరిపోతే మరక మిగిలినట్టు. అసలైన గీత పలచగా ఉన్నా కంట్రోల్ గీత (‘సి’ దగ్గర వచ్చేది, కార్డు పనిచేసిందని చెప్పేది) రంగులోనే, దాని వెడల్పుతోనే, పై నుంచి కింద దాకా ఉంటుంది, ప్యాకెట్ మీద చెప్పిన టైమ్ లోపలే వస్తుంది. ఆ టైమ్ సాధారణంగా ఐదు నిమిషాలు. తర్వాత కార్డును చెత్తబుట్టలో వేసేయాలి. అరగంటకు మళ్లీ తీసి చూడటం, రాత్రి మళ్లీ చూడటం వద్దు.

చూసుకునే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అయినా తప్పులు జరిగే చోట్లు చెబుతాను. రాత్రి పడుకునేముందు లీటర్ల కొద్దీ నీళ్లు తాగకండి, మూత్రం పలచబడితే హార్మోన్ కూడా పలచబడుతుంది. పొద్దున్న లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని శుభ్రమైన, సబ్బు అంటుకోని పొడి గిన్నెలోకి పట్టండి. కార్డు కవరు అప్పుడే చింపండి, ముందే విప్పి బాత్‌రూమ్‌లో పెడితే తేమ పట్టి పాడవుతుంది. ఎక్స్‌పైరీ తేదీ చూడండి. డ్రాపర్‌తో ‘ఎస్’ అన్న గుంటలో మూడు చుక్కలు, లేదా ప్యాకెట్ ఎన్ని చెబితే అన్ని, ఒకదాని తర్వాత ఒకటి వేయండి. గీతలు వచ్చే కిటికీలో వేయకూడదు. తర్వాత కార్డును చదునైన చోట కదపకుండా ఉంచి, ఫోన్‌లో టైమర్ పెట్టి అవతలికి వెళ్లిపోండి. ‘సి’ దగ్గర గీత రాకపోతే ‘టి’ దగ్గర ఏమున్నా లేకున్నా ఆ టెస్ట్ చెల్లదు, ఇంకో కార్డు వాడాల్సిందే.

ఇక ఖరీదైన కిట్. మన మెడికల్ షాపుల్లో దొరికే మామూలు కార్డులు ఎక్కువగా మిల్లీలీటరుకు 25 మిల్లీ యూనిట్ల హార్మోన్ ఉంటే గీత చూపిస్తాయి. ఇంకా తక్కువకే చూపిస్తామనే రకాలు ఆన్‌లైన్లో ఉన్నాయి, అమెరికా నుంచి వచ్చే బంధువులు తెచ్చి ఇచ్చేవీ ఉన్నాయి. మీలాంటి వాళ్ల విషయంలో అవి మేలుకు బదులు చేటు చేస్తాయి. కార్డు ఎంత తక్కువకు స్పందిస్తే ఇంజెక్షన్ మందును అన్ని ఎక్కువ రోజులు గర్భంగా చూపిస్తుంది. ఇంజెక్షన్ లేని వాళ్లకైనా ‘డేట్‌కు ఆరు రోజుల ముందే తెలుస్తుంది’ అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. అందరికీ తెలుస్తుందని కాదు దానర్థం. కొందరికి తెలుస్తుందని. లేదని వస్తే మాత్రం ఆ రోజుకు అది ఏమీ చెప్పనట్టే.

ఎందుకంటే గర్భం తొలి రోజుల్లో ఈ హార్మోన్ దాదాపు రెండు రోజులకోసారి రెట్టింపు అవుతుంది. ఒకరికి అండం విడుదలైన పదకొండో రోజున 12 ఉందనుకోండి, మామూలు కార్డులో గీత ఉండదు. పదమూడో రోజుకు 24, అప్పుడు ఉందా లేదా అన్నట్టు నీడలా కనిపించొచ్చు. పదిహేనో రోజుకు 48, అప్పుడు కళ్లు చికిలించకుండానే కనిపిస్తుంది. మనిషి ఒకరే, గర్భం ఒకటే, కిట్ ఒకటే. నాలుగు రోజులు ఆగడంలోనే తేడా అంతా. కాబట్టి నన్నడిగితే డబ్బు పెట్టి బ్రాండ్ మార్చడం కంటే తేదీ మార్చుకోవడం మేలు. డబ్బే ఇబ్బందైతే ఆశా కార్యకర్త దగ్గర ‘నిశ్చయ్’ కిట్ ఉచితంగా దొరుకుతుంది, అదీ ఈ పనికి సరిపోతుంది. ఇక చక్కెర, ఉప్పు, టూత్‌పేస్ట్ కలిపి నురగ చూసే పద్ధతులు ఫోన్ వీడియోల్లో తెగ తిరుగుతున్నాయి. వాటిల్లో దేనికీ ఈ హార్మోన్‌ను గుర్తించే శక్తి లేదు. ఆ పని పక్కన పెట్టండి.

మీ ఉత్తరం చదివే మిగతా అమ్మాయిల కోసం రెండు ముక్కలు రాయాలి, వాళ్లలో చాలామందికి ఇంజెక్షన్ ఉండదు. డేట్ క్రమంగా వచ్చేవాళ్లు డేట్ దాటిన రోజు వరకు ఆగితే చాలు, ఇంకో రెండు మూడు రోజులు ఆగగలిగితే ఇంకా మంచిది. పీసీఓడీ ఉండి నలభై రోజులకోసారి, రెండు నెలలకోసారి వచ్చేవాళ్లకు ‘డేట్ దాటడం’ అన్నదే తెలియదు. వాళ్లు చివరిసారి కలిసిన రోజు నుంచి 21 రోజులు గడిచాక చూసుకోవాలి. అప్పుడు లేదని వస్తే నమ్మొచ్చు.

ఇంజెక్షన్ ఏమీ లేకుండానే డేట్‌కు నాలుగు రోజుల ముందు పలచని గీత వచ్చి, డేట్ రోజుకో రెండు రోజుల తర్వాతో పీరియడ్ వచ్చేసే వాళ్లు కూడా ఉంటారు. మీది ఆ కోవ కాదు గాని, అలాంటి అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పిండం అతుక్కుని, కొద్దిగా హార్మోన్ వచ్చి, పెరగకుండా ఆగిపోతుంది. డాక్టర్లు దాన్ని బయోకెమికల్ ప్రెగ్నెన్సీ అంటారు. ఇది అరుదు కాదు. అమెరికాలో 221 మంది ఆరోగ్యవంతులైన మహిళల మూత్రాన్ని రోజూ పరీక్షించి 1988లో వెలువరించిన అధ్యయనంలో, వచ్చిన గర్భాల్లో 22 శాతం ఆ మహిళలకు తెలియకముందే ఆగిపోయాయి. మన అమ్మమ్మల కాలంలోనూ ఇవి జరిగాయి. ‘ఈసారి నాలుగు రోజులు లేటైంది’ అనుకుని పనుల్లో పడిపోయేవారు. ఇంట్లో చూసుకునే సదుపాయం అప్పుడెక్కడిది? 1927లో ఆష్‌హైమ్, జోండెక్ అనే ఇద్దరు బెర్లిన్ డాక్టర్లు కనిపెట్టిన పరీక్షకు ఆడ ఎలుక పిల్లలకు మూత్రం ఎక్కించి, వాటిని కోసి అండాశయాలు చూడాల్సి వచ్చేది. ఇంట్లో వాడే మొదటి కిట్‌ను మార్గరెట్ క్రేన్ అనే డిజైనర్ 1967లో అమెరికాలో తయారు చేశారు. అది 1971లో కెనడాలో అమ్మకానికి వచ్చింది. గొట్టం, డ్రాపర్, కింద అద్దం, ఫలితానికి రెండు గంటలు ఎదురుచూడటం. డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా, ఎవరికీ చెప్పకుండా తన ఒంట్లో సంగతి తానే తెలుసుకునే హక్కు ఆడవాళ్లకు దక్కాలని ఆవిడ పట్టుబట్టారు. అది చాలా గొప్ప పని. ఆ ఏకాంతాన్ని మీరు కూడా వాడుకోండి అంటాను. కార్డులో ఏం వచ్చిందో మొదట మీ ఇద్దరి మధ్యే ఉండనివ్వండి. స్కాన్‌లో గుండె చప్పుడు కనబడేదాకా, అంటే ఆరు ఏడు వారాలు నిండేదాకా, ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం.

అయితే ఈసారికి విషయం ఇప్పటికే అత్తయ్యగారి దాకా వెళ్లింది. నెలనెలా ఫోన్‌లో ‘ఏమైనా విశేషమా?’ అని అడిగే పెద్దావిడకు కొడుకు నోటి నుంచే శుభవార్త వచ్చింది, వారం తిరక్కుండా లేదన్నారు. ఆవిడకూ బాధ ఉంటుంది, ఆ బాధ మీ మీద నిందగా మారింది. దాన్ని సరిచేయాల్సింది మీరు కాదు. ఫోన్ చేసి శుభవార్త చెప్పిన మీవారే మళ్లీ ఫోన్ చేసి ఈ మాట కూడా చెప్పాలి: ‘అమ్మా, ఆ రోజు వచ్చిన గీత ఇంజెక్షన్ మందు వల్ల వచ్చిందట, గర్భం రాలేదట. నేనే తొందరపడి నీకు చెప్పాను. స్కూటీ మాట ఇక ఎత్తకు, తను చాలా బాధపడుతోంది.’ ఇంతే చాలు. మీరు పక్కనుండి అందించాల్సిన అవసరం కూడా లేదు. ఆవిడ నమ్మకపోతే తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి కూడా తీసుకెళ్లండి, డాక్టర్ నోటితో వింటే చాలామంది పెద్దవాళ్లు మెత్తబడతారు.

మీ ఉత్తరంలో ఒక విషయం కనబడలేదు. మీవారి వీర్య పరీక్ష చేయించారా? మీకు మాత్రలు, స్కాన్లు, ఇంజెక్షన్ అన్నీ జరిగాయి, ఆయన సంగతి ఒక్క ముక్క లేదు. పిల్లలు ఆలస్యమైన జంటల్లో కనీసం మూడింట ఒక వంతు మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. పరీక్ష చాలా సులువు, నొప్పి లేదు, రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి శాంపిల్ ఇస్తే సరిపోతుంది. అది చూడకుండా ఆడవాళ్లకు నెలనెలా ఇంజెక్షన్లు చేయించుకుంటూ పోవడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఇప్పటికే చేయించి ఉంటే సరే, లేకపోతే తర్వాతి ఇంజెక్షన్ కంటే ముందు ఆ రిపోర్టు మీ చేతికి రావాలి. మీ థైరాయిడ్ పరీక్ష కూడా చూసి ఉండకపోతే అడగండి. ఫోలిక్ యాసిడ్ ఇవాళ్టి నుంచే వేసుకోండి, రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. గర్భం వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే, ఎందుకంటే పిల్లల వెన్నుపాము రూపం తొలి నాలుగు వారాల్లోనే తయారవుతుంది. షుగర్, ఫిట్స్ ఉన్నవాళ్లకు మోతాదు ఎక్కువ కావాలి, అది డాక్టరే రాయాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ లాంటి మాత్రలు గాని, ఫిట్స్‌కు, బీపీకి ఏవైనా మందులు గాని వాడుతుంటే ఆ సంగతి ముందే డాక్టర్‌కు చెప్పాలి. ఫిట్స్, బీపీ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.

తర్వాతి నెల సంగతి. 16వ రోజున గీత స్పష్టంగా వస్తే, మాత్రలు ఆపకుండా ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. రక్తంలో బీటా హెచ్‌సీజీ ఒకసారి, 48 గంటలకు మరోసారి చేయిస్తారు. రెండో అంకె మొదటిదానికంటే కనీసం సగం పైగా పెరగాలి, చాలామందిలో రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. ఒక్క అంకె చూసి తక్కువ, ఎక్కువ అని కంగారుపడొద్దు, పక్కింటావిడ అంకెతో పోల్చుకోవద్దు. ఆ తర్వాత స్కాన్‌కు వారం పదిరోజులకు పైనే ఆగాలి. వెంటనే స్కాన్‌కు పరుగెత్తితే ఏమీ కనబడక మళ్లీ టెన్షన్. గీత రాకపోయి, పీరియడ్ కూడా రాకపోతే మాత్రలు కొనసాగిస్తూ, రెండు మూడు రోజులకు ఇంకొకసారి చూడండి లేదా రక్త పరీక్షకు వెళ్లండి.

టెస్టులో గర్భం ఉందని తేలాక పొత్తికడుపులో ఒక పక్కన ఆగకుండా నొప్పి వచ్చినా, రక్తస్రావం అయినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టున్నా, భుజం కొసన నొప్పి వచ్చినా ఫోన్‌లో ఎవరినీ అడుగుతూ కూర్చోవద్దు. గర్భం ట్యూబులో ఉంటే ఇలాగే మొదలవుతుంది, ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. కార్డులో రెండు గీతలు వచ్చాయంటే గర్భం ఉందనే తప్ప, ఎక్కడుందో అది చెప్పలేదు. 108కి ఫోన్ చేసి రాత్రయినా పగలయినా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. గీత వచ్చి ‘పీరియడ్’ కూడా వచ్చిందని, నొప్పి తగ్గడం లేదని అనే వాళ్లూ ఇదే చేయాలి.

18న మీకు ఎప్పటిలాగే నాలుగు రోజులు అయిందని రాశారు కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు. ఇప్పటికి ఇంజెక్షన్ మందు కూడా పూర్తిగా పోయి ఉంటుంది. ఇంకా ఏ మూలో అనుమానం మిగిలి ఉంటే, ఒక మామూలు కార్డు తెచ్చుకుని రేపు పొద్దున్న ఒక్కసారి చూసుకోండి. ఈ నెల మాత్రలు మొదలుపెట్టే ముందు డాక్టర్‌గారికి మీ కార్డుల తేదీలన్నీ ఇలాగే చెప్పండి. ‘ఈసారి ఏ ఇంజెక్షన్ చేస్తారు, ఎన్ని యూనిట్లు, ఏ తేదీన టెస్ట్ చేసుకోమంటారు, లేదని వస్తే మాత్రలు ఎప్పుడు ఆపాలి’ అని నాలుగూ అడిగి, జవాబులు మందుల చీటీ మీదే రాయించుకుని రండి.